మెయిల్ హోస్టింగ్ వాళ్లు స్పామ్‌ని, వైరస్‌లని అసలు ఎక్కడ ఆపుతారు?

డబ్బా_నిండింది:

అందరికీ నమస్తే. మా ఆఫీసుకి సొంత డొమైన్ మీద ముప్పై దాకా మెయిల్‌బాక్సులు ఉన్నాయి. ఐటీ డిపార్ట్‌మెంట్ అంటూ ఏమీ లేదు, కంప్యూటర్ గురించి నాలుగు ముక్కలు తెలుసన్న పాపానికి ఆ పని నా నెత్తిన పడింది. హోస్టింగ్ తీసుకున్నప్పుడు ప్యాకేజీ పేజీలో "అడ్వాన్స్‌డ్ స్పామ్ ప్రొటెక్షన్, మల్టీ లేయర్ యాంటీవైరస్" అని పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది. తీరా చూస్తే రోజూ పొద్దున్నే ఇన్‌బాక్స్ నిండా చెత్త. పోయిన వారం అకౌంట్స్‌లో ఒకావిడకి "పెండింగ్ ఇన్‌వాయిస్" అని జిప్ ఫైల్ వచ్చింది, ఆవిడ తెరవగానే పీసీలో ఉన్న యాంటీవైరస్ అరిచి ఆపింది కాబట్టి సరిపోయింది. మరి ప్రొవైడర్ దగ్గరున్న ఆ లేయర్లన్నీ ఏం చేస్తున్నట్టు?

సపోర్ట్‌కి రాస్తే "మా ఫిల్టర్లు ఏఐతో పనిచేస్తాయి, వంద శాతం గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు" అని అవే రెండు లైన్లు తిప్పి తిప్పి పంపుతున్నారు. ఎవరో సలహా ఇస్తే మా సర్వర్‌కి ముందు వేరే ఫిల్టరింగ్ సర్వీస్ ఒకటి ట్రయల్‌గా పెట్టి, ఎంఎక్స్ రికార్డులు (మా డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో చెప్పేవి) దానివైపు తిప్పాం. కొంచెం తగ్గింది గానీ ఇంకా వస్తూనే ఉన్నాయి. ఇంకో విడ్డూరం ఏంటంటే, మాకొచ్చే చెత్త నేరుగా ఇన్‌బాక్స్‌లోకి వస్తోంది, మేం పంపే కొటేషన్లేమో కస్టమర్ల జంక్ ఫోల్డర్‌లోకి పోతున్నాయి.

ఈ ప్రొవైడర్లు తెరవెనక నిజంగా ఏం చేస్తారో, మంచోడెవడో పేరుకి చేసేవాడెవడో నాలాంటివాడు ఎలా కనిపెట్టాలో తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి. మార్కెటింగ్ లింకులు పెట్టకండి ప్లీజ్, అవి చదివీ చదివీ విసుగొచ్చింది.

పాతకాపు_పోస్ట్‌మాస్టర్:

మెయిల్ సర్వర్లు నడపడమే నా పని కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపికుంటే చదవండి.

స్పామ్ ఫిల్టర్ అంటే మెయిల్ మొత్తం చదివి మంచిదో చెడ్డదో తేల్చే ప్రోగ్రామ్ అని అందరూ అనుకుంటారు. అది ఆఖరి దశ అండి. బాగా నడిపే సర్వర్‌లో చెత్తలో ఎక్కువ భాగం అంతదూరం రానే రాదు, మెయిల్‌లో ఒక్క అక్షరం చూడకముందే కనెక్షన్ దగ్గరే పోతుంది. బాడీ చదవాలంటే, అటాచ్‌మెంట్ విప్పాలంటే సర్వర్‌కి బోలెడు పని. ఐపీ అడ్రస్ చూసి పొమ్మనడానికి ఏ ఖర్చూ లేదు. అందుకే తెలివైనవాళ్లు ముందు చవకగా తేలే పరీక్షలన్నీ పెట్టి, మిగిలినవాటి మీదే బరువైన పరీక్షలు చేస్తారు.

ఆ చవక పరీక్షల్లో ముఖ్యమైనది బ్లాక్‌లిస్ట్, అంటే చెడ్డపేరున్న ఐపీల జాబితా. 1998లో స్టీవ్ లిన్‌ఫోర్డ్ మొదలుపెట్టిన స్పామ్‌హాస్ పేరు వినే ఉంటారు, ఇప్పటికీ చాలామంది వాడేది వాళ్ల లిస్టులే. పనిచేసే తీరు భలే సింపుల్‌గా ఉంటుంది. మీ సర్వర్‌కి 192.0.2.25 నుంచి ఎవరో కనెక్ట్ అయ్యారనుకోండి, సర్వర్ ఆ అంకెల్ని తిరగేసి 25.2.0.192 అని రాసి, వెనకాల స్పామ్‌హాస్ వాళ్ల జెన్ జోన్ (వాళ్ల ఐపీ లిస్టులన్నీ కలిపినది) పేరు తగిలించి మామూలు డీఎన్ఎస్ ప్రశ్న, అంటే డొమైన్ పేరుకి ఐపీ ఏంటని అడిగే ప్రశ్న వేస్తుంది. అలాంటి పేరే లేదని జవాబొస్తే ఆ ఐపీ లిస్టులో లేనట్టు. 127.0.0.2 వస్తే స్పామర్ల లిస్టులో ఉన్నట్టు, 127.0.0.4 వస్తే వైరస్ పట్టి ఎవడి చేతుల్లోకో పోయిన మెషీన్, 127.0.0.10 గానీ 11 గానీ వస్తే అది ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్‌లాంటి వాటికి ఇచ్చే ఐపీ, అక్కడినుంచి నేరుగా మెయిల్ సర్వర్‌కి ఉత్తరం రావాల్సిన పనే లేదు. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది.

ఇందులో ఒక లొసుగు ఉంది, చిన్న ప్రొవైడర్లు చాలామంది ఇక్కడే దొరికిపోతారు. సర్వర్‌లో సొంత డీఎన్ఎస్ రిజాల్వర్ (ఆ ప్రశ్నలకి జవాబు వెతికి తెచ్చే ప్రోగ్రామ్) పెట్టుకోకుండా ఏదో ఒక పబ్లిక్ డీఎన్ఎస్ ద్వారా ఈ ప్రశ్న అడిగితే స్పామ్‌హాస్ అసలు జవాబు ఇవ్వదు, 127.255.255.254 అని ఒక ఎర్రర్ కోడ్ ఇస్తుంది. దాన్ని "లిస్టులో లేడు" అని లెక్కేస్తే చెత్తంతా లోపలికి వస్తుంది, "ఏదో జవాబొచ్చింది కదా, లిస్టులో ఉన్నాడు" అని లెక్కేస్తే మంచి మెయిల్స్ అన్నీ తిరిగిపోతాయి. బ్లాక్‌లిస్ట్ వాడుతున్నాం అని ప్యాకేజీలో రాసుకుంటే సరిపోదని చెప్పడానికే ఇది చెప్పాను.

దీని పక్కనే ఇంకో తమాషా పరీక్ష ఉంటుంది. మెయిల్ పంపే పద్ధతి ప్రకారం మొదట మన సర్వర్ పలకరింపు లైన్ పంపాలి, అవతలివాడు అది విన్నాకే నోరు విప్పాలి. స్పామ్ పంపే బాట్‌లకి, అంటే ఆటోమేటిక్ ప్రోగ్రాములకి అంత ఓపిక ఉండదు. మన సర్వర్ కావాలని కొన్ని సెకన్లు ఆలస్యం చేస్తే, ఆగలేక ముందే మాట్లాడేసేవాడు పట్టుబడిపోతాడు. గ్రేలిస్టింగ్ కూడా ఈ కోవలోదే. 2003లో ఇవాన్ హారిస్ అనే ఆయన బయటపెట్టిన ఉపాయం అది. కొత్తగా వచ్చినవాడికి "ఇప్పుడు కుదరదు, తర్వాత రా" అని 451 లాంటి తాత్కాలిక కోడ్ ఇస్తారు. నిజమైన సర్వర్ మెయిల్‌ని క్యూలో పెట్టుకుని కాసేపాగి మళ్లీ వస్తుంది, బాట్ రాదు. కాకపోతే ఓటీపీలు ఆలస్యమవుతాయి, పెద్ద ప్రొవైడర్లు రెండోసారి వేరే ఐపీ నుంచి వస్తారు కాబట్టి ఇంకా సాగుతుంది. అందుకే ఇప్పుడు చాలామంది దీన్ని అందరికీ కాకుండా అనుమానం ఉన్నవాళ్లకే పెడుతున్నారు.

తర్వాత పంపినవాడి డొమైన్ నిజమా కాదా అనే పరీక్ష. ఎస్పీఎఫ్ అంటే ఈ డొమైన్ పేరుతో ఏ ఐపీలు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా, డీకిమ్ అంటే మెయిల్ మీద డిజిటల్ సంతకం, డీమార్క్ అంటే ఆ రెండింటిలో ఏ ఒక్కటీ ఫ్రమ్‌లో కనిపించే డొమైన్‌తో సరిపోకపోతే ఏం చేయాలో డొమైన్ యజమాని ఇచ్చే ఆదేశం. వీటి సంగతి మీ కొటేషన్ల దగ్గర మళ్లీ వస్తుంది.

ఇక కంటెంట్. స్పామ్‌అసాసిన్, ఆర్‌స్పామ్‌డీ లాంటి ఫిల్టర్ ప్రోగ్రాములు మార్కులు వేస్తాయి. సబ్జెక్టంతా క్యాపిటల్స్‌లో ఉంటే ఇన్ని పాయింట్లు, బాడీలో లింకు బ్లాక్‌లిస్ట్‌లో ఉంటే ఇన్ని, సంతకం సరిగ్గా ఉంటే కొంచెం తగ్గింపు, అలా కలుపుకుంటూ పోతాయి. స్పామ్‌అసాసిన్‌లో డిఫాల్ట్‌గా 5కి చేరితే స్పామ్. దీంట్లోనే బేయీషియన్ పద్ధతి కూడా ఉంటుంది. ఏ పదం మంచి మెయిల్స్‌లో ఎంత వస్తుంది, చెత్తలో ఎంత వస్తుంది అన్న లెక్కతో సంభావ్యత కట్టడం అన్నమాట. 2002లో పాల్ గ్రాహం దీనిమీద రాసిన వ్యాసం తర్వాతే ఇది బాగా పాకింది. ఇప్పుడు ఏఐ అని చెప్పుకునేదాంట్లో ఈ వంశం వాళ్లే చాలామంది ఉన్నారు. మీవాళ్లు జంక్ బటన్ నొక్కకుండా ఊరికే డిలీట్ చేస్తుంటే ఆ లెక్కకి నేర్చుకోవడానికి ఏమీ దొరకదు.

ప్రొవైడర్‌ని అంచనా వేయడానికి నేను మొదట అడిగే ప్రశ్న ఎంత స్పామ్ పట్టుకుంటావు అని కాదు, తప్పుగా పట్టుకున్నప్పుడు ఏం చేస్తావు అని. అనుమానం ఉన్న మెయిల్‌ని కనెక్షన్ ఉండగానే 550 అనే తిరస్కరణ కోడ్‌తో తిప్పికొడితే పంపినవాడికి "వెళ్లలేదు" అని తెలుస్తుంది, నిజమైన కస్టమరైతే ఫోన్ చేస్తాడు. తీసుకున్నామని చెప్పి లోపల చప్పుడు లేకుండా చెత్తబుట్టలో పడేస్తే ఇద్దరికీ తెలియదు. ఇంతకంటే ఘోరం ఇంకోటి లేదు. తీసుకున్నాక తీరిగ్గా బౌన్స్ (మెయిల్ చేరలేదని తిరిగి రాసే ఉత్తరం) పంపడం ఇంకో తప్పు. స్పామ్‌లో పంపినవాడి అడ్రస్ దొంగది కాబట్టి ఆ బౌన్స్ ఏ పాపం ఎరగనివాడి నెత్తిన పడుతుంది.

విప్పకు_బాబోయ్:

స్పామ్ గురించి పైన పోస్ట్‌మాస్టర్ గారు బాగా చెప్పారు, నేను వైరస్ సంగతి చూస్తాను.

డబ్బా గారూ, ఆ జిప్‌కి పాస్‌వర్డ్ ఉందా? మెయిల్ బాడీలోనే "పాస్‌వర్డ్ 1234" అని రాసి ఉందా? అలా అయితే మీ ప్రొవైడర్ స్కానర్ లోపల ఏముందో చూడలేదు. క్లామ్ ఏవీ లాంటి స్కానర్ అటాచ్‌మెంట్ విప్పి, జిప్‌లో జిప్ ఉంటే అదీ విప్పి, లోపలి ఫైళ్లని తెలిసిన వైరస్‌ల గుర్తులతో పోల్చి చూస్తుంది. పాస్‌వర్డ్ ఉంటే విప్పలేదు. మీ అకౌంట్స్ ఆవిడేమో పాస్‌వర్డ్ కొట్టి విప్పింది, అప్పుడు లోపలి ఫైల్ పీసీలో యాంటీవైరస్‌కి కనిపించింది. కొన్ని ఫిల్టర్లు బాడీలో ఉన్న పదాలన్నీ పాస్‌వర్డ్‌గా ప్రయత్నించి చూస్తాయి, అందరి దగ్గరా అది ఉండదు. పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లని ఇన్‌బాక్స్‌లోకి పంపకుండా క్వారంటైన్‌లో విడిగా పెట్టే ఆప్షన్ ఉందా అని అడగండి, అడగ్గానే ఆన్ చేయమనండి.

విప్పడానికి కూడా హద్దు పెట్టుకుంటారు లెండి. 42 కిలోబైట్ల జిప్ ఒకటి చాలా ఏళ్లుగా తిరుగుతోంది, పూర్తిగా విప్పితే 4.5 పెటాబైట్లు అవుతుంది. హద్దు లేని స్కానర్ దాన్ని మింగబోయి సర్వర్‌తో సహా పడిపోతుంది.

గుర్తులతో పోల్చడం అనేది నిన్నటి వైరస్‌కే పనికొస్తుంది, ఇవాళ పొద్దున పుట్టినదానికి కాదు. అందుకే ఫైల్ రకాన్ని బట్టే ఆపేస్తారు. 2000 మేలో ఐ లవ్ యూ వైరస్ ప్రపంచమంతా పాకింది గుర్తుందా, అది లవ్ లెటర్ అని టీఎక్స్‌టీ ఫైల్‌లా కనిపించేది, చివర వీబీఎస్ అనే అసలు ఎక్స్‌టెన్షన్ మాత్రం విండోస్ దాచేసేది. ఇప్పుడు ఈఎక్స్ఈ, వీబీఎస్ లాంటివి మెయిల్‌లో రానివ్వడానికి కారణమే లేదు. జీమెయిల్ 2017 ఫిబ్రవరి నుంచి జావాస్క్రిప్ట్ ఫైళ్లని కూడా ఆపేసింది. మైక్రోసాఫ్ట్ 2022లో ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలని (ఫైల్ లోపల ఉండే చిన్న ప్రోగ్రాములని) డిఫాల్ట్‌గా ఆపేసరికి, దొంగలు ఐఎస్ఓ (డిస్క్ ఇమేజ్) ఫైళ్లకి, షార్ట్‌కట్ ఫైళ్లకి, ఆ తర్వాత వన్‌నోట్ ఫైళ్లకి మారిపోయారు. ఒక దారి మూస్తే ఇంకోటి. ఈమధ్య హెచ్‌టీఎమ్ఎల్ అటాచ్‌మెంట్లు ఎక్కువయ్యాయి, తెరిస్తే అచ్చం లాగిన్ పేజీలా ఉంటుంది.

శాండ్‌బాక్స్ అనే మాట కూడా ప్యాకేజీల్లో వినపడుతుంది. అనుమానం ఉన్న ఫైల్‌ని ఒక ఉత్తుత్తి కంప్యూటర్‌లో తెరిచి అది ఏం చేస్తుందో చూస్తారు. కాస్త ఆలస్యమవుతుంది, కొన్ని వైరస్‌లు "ఇది నిజం మెషీన్ కాదు" అని పసిగట్టి బుద్ధిమంతుడిలా కూర్చుంటాయి. అయినా ఉండటమే మేలు. లింకుల విషయంలో అయితే మెయిల్ వచ్చినప్పుడు ఆ పేజీలో ఏమీ ఉండదు, రెండు గంటల తర్వాత దొంగ పేజీ పెడతారు. అందుకే కొందరు ప్రొవైడర్లు లింకుని తిరగరాసి, నొక్కిన క్షణాన మళ్లీ చెక్ చేస్తారు. ఇన్‌బాక్స్‌లో చేరిపోయిన మెయిల్‌ని కూడా చెడ్డదని తర్వాత తెలిస్తే వెనక్కి లాగే సదుపాయం ఉంటుంది. ఈ చివరి రెండూ ఉన్నాయా అని తప్పకుండా అడగాలి, నా లెక్కలో చవక ప్యాకేజీకీ మంచి ప్యాకేజీకీ తేడా తెలిసేది ఇక్కడే.

మీరే పరీక్ష పెట్టొచ్చు కూడా. ఐకార్ అని 68 అక్షరాల టెస్ట్ ఫైల్ ఉంది, ఏ హానీ చేయదు, అన్ని యాంటీవైరస్‌లూ దాన్ని వైరస్‌గా చూపించాలని ఒప్పందం. బయటి అడ్రస్ నుంచి మీ మెయిల్‌కి పంపండి. చాలా వెబ్‌మెయిల్స్ అసలు పంపనివ్వవు, అప్పుడు పంపే దారి వేరేది చూసుకోవాలి. స్పామ్‌కి కూడా ఇలాంటిదే జీట్యూబ్ అని ఒక టెస్ట్ లైన్ ఉంది, స్పామ్‌అసాసిన్ దానికి ఏకంగా 1000 పాయింట్లు వేస్తుంది. ఇవి దాటి లోపలికి వచ్చాయంటే ఫిల్టర్ లేనట్టే లెక్క.

డబ్బా_నిండింది:

ఇద్దరికీ చాలా థాంక్స్. విప్పకు గారూ, జిప్ విషయంలో మీరన్నది అక్షరాలా నిజం, బాడీలోనే పాస్‌వర్డ్ ఉంది. ఐకార్ పంపి చూశాను, ఒకసారి ఆగింది, ఇంకోసారి హాయిగా వచ్చేసింది. అదెలా?

హెడర్లు (మెయిల్ ఏ దారిన వచ్చిందో చెప్పే లైన్లు) చూడమని ఎక్కడో చదివి నిన్న వచ్చిన ఒక చెత్త మెయిల్ తెరిచాను. పైనుంచి మొదటి రిసీవ్డ్ లైన్‌లో "203.0.113.77 నుంచి" అని ఉంది, "అందుకున్నది" అన్నచోట మా పాత హోస్టింగ్ సర్వర్ పేరు ఉంది. ఎస్పీఎఫ్ ఫెయిల్ అని కూడా ఉంది. ఫెయిలైతే ఎందుకు రానిచ్చారో అర్థం కాలేదు.

ఇంకోటి దీనికి తలకిందులు. మా ఎండీ గారి పేరుతో అకౌంట్స్‌కి "మీటింగ్‌లో ఉన్నాను, అర్జెంటుగా ఒక పేమెంట్ చేయాలి, ఫోన్ చేయొద్దు" అని మెయిల్. అందులో ఎస్పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ కూడా పాస్! అన్నీ పాసైన మెయిల్ మోసం ఎలా అవుతుంది?

హెడర్_చదువరి:

మొదటి మెయిల్‌లో మీ జవాబు మీరే రాసేశారు. పైనున్న రిసీవ్డ్ లైన్‌లో మీరు కొత్తగా పెట్టిన ఫిల్టర్ సర్వీస్ పేరు ఎక్కడైనా ఉందా? లేదు. 203.0.113.77 వాడు నేరుగా మీ పాత సర్వర్‌కే ఇచ్చేశాడు. ఎంఎక్స్ రికార్డు అంటే "మా మెయిల్ ఇక్కడికి తెండి" అనే విన్నపం మాత్రమే, దాన్ని పాటించాలన్న రూలు స్పామర్‌కి లేదు. మీ పాత సర్వర్ పేరో ఐపీనో వాడి దగ్గర ముందే ఉంది, ఆ సర్వర్ ఇప్పటికీ ఎవరొచ్చినా తీసుకుంటోంది. ఐకార్ ఒకసారి ఆగి ఒకసారి రావడానికి కూడా ఇదే కారణమని నా అనుమానం, ఎంఎక్స్ మార్చిన కొత్తలో పంపేవాళ్ల దగ్గర పాత రికార్డే క్యాష్‌లో ఉండొచ్చు.

హోస్టింగ్ వాళ్లకి ఒకటే మాట చెప్పండి: 25 పోర్టు (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ ఇచ్చుకునే దారి) మీద మా డొమైన్‌కి వచ్చే మెయిల్‌ని ఫిల్టర్ సర్వీస్ ఐపీల నుంచి మాత్రమే తీసుకోండి, మిగతావాళ్లందరినీ తిప్పికొట్టండి. మీ స్టాఫ్ మెయిల్ పంపుకునే 587, 465 పోర్టులని ముట్టుకోవద్దనండి. అదే చేత్తో ఇంకో విషయం చెప్పాలి: ఇకమీదట ఆ సర్వర్‌కి ప్రతి మెయిలూ ఫిల్టర్ ఐపీ నుంచే వస్తుంది, అక్కడ మళ్లీ ఎస్పీఎఫ్ చెక్ చేస్తే మంచివి కూడా ఫెయిలవుతాయి. ఆ చెక్ ఫిల్టర్ దగ్గరే జరగాలి, వెనకాల సర్వర్‌లో తీసేయాలి. ఈ రెండో ముక్క మర్చిపోయి నానా తంటాలు పడేవాళ్లని చాలామందిని చూశాను.

రెండోది: పాస్ అంటే మంచివాడు అని కాదండి. మెయిల్ ఏ డొమైన్ నుంచి వచ్చానంటోందో నిజంగా అక్కడినుంచే వచ్చింది అని, అంతే. ఫ్రమ్‌లో పేరు పక్కన అసలు అడ్రస్ చూడండి, ఏదో ఉచిత మెయిల్ అకౌంట్ ఉండి ఉంటుంది. ఆ సర్వీస్ దానిమీద నిజాయితీగానే సంతకం చేసింది. పేరు మాత్రం మీ ఎండీది, ఆ గళ్లో ఎవడైనా ఏదైనా రాసుకోవచ్చు, ఫోన్లో మెయిల్ యాప్ చాలావరకు ఆ పేరొక్కటే చూపిస్తుంది.

ఈ రకం మోసంలో వైరస్ లేదు, లింక్ లేదు, స్కాన్ చేయడానికి ఏమీ లేదు. మంచి ప్రొవైడర్లు చేసేదేంటంటే మీ ఆఫీసు ముఖ్యుల పేర్లు లిస్టులో పెట్టుకుని, ఆ పేరుతో బయటి అడ్రస్ నుంచి మెయిల్ వస్తే ఆపడం, "ఇది బయటినుంచి వచ్చింది", "వీళ్లు మీకు మొదటిసారి రాస్తున్నారు" అని పైన పట్టీ వేయడం, మీ డొమైన్‌లో ఒక అక్షరం అటూ ఇటూ మార్చిన డొమైన్లని పట్టుకోవడం. ఎమోటెట్ అనే వైరస్ అయితే ఇంకో మెట్టు పైకెళ్లింది, జనం మెయిల్‌బాక్సుల్లోంచి పాత సంభాషణలు దొంగిలించి వాటికే రిప్లై ఇచ్చినట్టు వైరస్ పంపేది. 2021 జనవరిలో పోలీసులు దాని సర్వర్లు పట్టుకున్నారు, అదే ఏడాది నవంబర్‌లో మళ్లీ తలెత్తింది. డబ్బు విషయం ఏదైనా సరే, మెయిల్‌లో ఉన్న నంబర్‌కి కాకుండా మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి అడగాలి. ఫోన్ చేయొద్దు అని రాశాడంటేనే చేయమని అర్థం.

పెద్దోళ్లే_బెటర్:

బ్రో, ఇంత తలనొప్పి ఎందుకు, ఏదో ఒక పెద్ద సర్వీస్‌కి మారిపో, వాళ్లకి కోట్ల మెయిల్‌బాక్సులు ఉంటాయి, ఒకచోట కొత్త స్పామ్ కనపడగానే అన్నిచోట్లా ఆపేస్తారు. చిన్నవాడికి అంత డేటా ఎక్కడినుంచి వస్తుంది?

పాతకాపు_పోస్ట్‌మాస్టర్:

అదీ నిజమే, డేటా విషయంలో పెద్దవాళ్లతో పోటీ పడలేం. కానీ మంచి మెయిల్ ఒకటి తప్పుగా ఆగితే లాగ్ తీసి "ఈ రూల్ వల్ల ఆగింది" అని చెప్పే మనిషి వాళ్ల దగ్గర దొరకడు. ఎవరికి ఏది ముఖ్యమో వాళ్లు చూసుకోవాలి. పైగా మారినా ఈ పనులు తప్పవు, ఎందుకంటే సగం పని డొమైన్ యజమాని చేతిలోనే ఉంటుంది.

డబ్బా గారూ, మీ కొటేషన్ల సంగతి. చవక హోస్టింగ్‌లో వందల డొమైన్లు ఒకే ఐపీ నుంచి మెయిల్ పంపుతాయి. పక్కవాడి వెబ్‌సైట్ హ్యాకై రాత్రంతా స్పామ్ కక్కితే ఐపీ పేరు చెడిపోయి మీరూ జంక్‌లో పడతారు. ప్రొవైడర్ లోపలికి వచ్చేదాన్నే కాదు, బయటికి పోయేదాన్నీ కాపలా కాయాలి. ఒక్కో మెయిల్‌బాక్స్‌కి గంటకి ఇన్నే అని పరిమితి, ఉన్నట్టుండి వందల మెయిల్స్ పోతుంటే అకౌంట్ ఆపేయడం, వెళ్లే మెయిల్‌ని కూడా స్కాన్ చేయడం, పెద్ద సర్వీసుల నుంచి వచ్చే స్పామ్ ఫిర్యాదుల ఫీడ్ చూసుకోవడం. ఈ పరిమితి మీకు తగిలినప్పుడు విసుక్కుంటారు, కానీ పరిమితే లేని ప్రొవైడర్ దగ్గర మీ మెయిల్ ఎక్కడికీ చేరదు.

మీవైపు నుంచి ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రూల్స్ గట్టిపడ్డాయి. జీమెయిల్‌కి రోజుకి 5000 పైగా పంపేవాళ్లకి మూడూ తప్పనిసరి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, చిన్నవాళ్లకి కూడా ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి. 2025 మే నుంచి మైక్రోసాఫ్ట్ కూడా ఔట్‌లుక్ అడ్రస్‌లకి ఎక్కువగా పంపేవాళ్ల మీద ఇలాంటివే పెట్టింది. ఎస్పీఎఫ్‌లో ఒక మెలిక ఉంది: అందులో డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. హోస్టింగ్‌దొకటి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌దొకటి, న్యూస్‌లెటర్‌దొకటి అని కలుపుకుంటూ పోతే దాటిపోతుంది, దాటితే మొత్తం రికార్డే ఎర్రర్. డీమార్క్ మొదట "నన్" (సరిపోకపోయినా ఏమీ చేయొద్దు) అని పెట్టి రిపోర్టులు తెప్పించుకోండి, మీ పేరుతో ఎవరెవరు పంపుతున్నారో తెలుస్తుంది. మీ సొంత మెయిల్స్ అన్నీ పాసవుతున్నాయని చూసుకున్నాకే క్వారంటైన్‌కి, తర్వాత రిజెక్ట్‌కి పోవాలి. మొదటిరోజే రిజెక్ట్ పెట్టేయకండి.

క్యాచ్‌ఆల్ ఉంటే అది కూడా తీసేయండి. లేని పేర్లకి వచ్చే మెయిల్స్ అన్నీ ఒక డబ్బాలో పడే ఏర్పాటు అది, స్పామర్లకి పండగ.

డబ్బా_నిండింది:

25 పోర్టు సంగతి చెప్పి ఐపీల లిస్టు పంపాను, ఈసారి సపోర్ట్‌లో విషయం తెలిసిన మనిషి తగిలాడు, సాయంత్రానికల్లా చేసిపెట్టాడు. చెత్త ఒక్కసారిగా పడిపోయింది. క్యాచ్‌ఆల్ నిజంగానే ఉంది, తీసేశాం. డీకిమ్ అసలు ఆన్ చేయనేలేదు, ఇప్పుడు చేశారు. డీమార్క్ "నన్"లో పెట్టాను.

రిపోర్టు మొదటిది వచ్చింది. అందులో కొన్ని మెయిల్స్ మా సర్వర్ ఐపీ నుంచే వెళ్లాయి గానీ ఎస్పీఎఫ్ సరిపోలేదు అని ఉంది. సపోర్టాయన లాగ్ చూసి "మీ అకౌంట్స్ మెయిల్‌బాక్స్ నుంచి బయటి అడ్రస్‌కి ఆటో ఫార్వార్డ్ అవుతోంది" అన్నాడు. అకౌంట్స్‌లో అడిగితే మేమెవరం అలాంటిది పెట్టలేదు అంటున్నారు. ఫార్వార్డ్ వల్ల ఎస్పీఎఫ్ చెడిపోతుందని ఎక్కడో చదివాను, అదేనా? పట్టించుకోకుండా వదిలేయొచ్చా?

హెడర్_చదువరి:

వదిలేయొద్దు! ఫార్వార్డ్ చేస్తే ఎస్పీఎఫ్ చెడిపోవడం మామూలే, కానీ ఇక్కడ విషయం అది కాదు. ఎవరూ పెట్టని ఫార్వార్డ్ ఉందంటే ఆ మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్ బయటివాడి దగ్గర ఉంది. ఎండీ పేరుతో మెయిల్ సరిగ్గా అకౌంట్స్‌కే రావడం, ఇన్‌వాయిస్ జిప్ కూడా ఆవిడకే రావడం చూస్తుంటే మీ లావాదేవీలు ఎవడో కూర్చుని చదువుతున్నాడనిపిస్తోంది.

పీసీలో మెయిల్ ప్రోగ్రామ్ కాకుండా వెబ్‌మెయిల్‌లోకి వెళ్లి రూల్స్ చూడండి. "పేమెంట్", "ఇన్‌వాయిస్", "బ్యాంక్" లాంటి పదాలున్న మెయిల్‌ని బయటికి పంపి, ఇక్కడ ఎవరూ చూడని ఆర్‌ఎస్ఎస్ ఫీడ్స్ లాంటి ఫోల్డర్‌లోకి నెట్టే రూల్ ఉండొచ్చు, ఇది వాళ్లకి అలవాటైన పని. తీసేసే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఫార్వార్డ్ ఏ తేదీ నుంచి మొదలైందో సపోర్టాయనని లాగ్‌లో చూడమనండి. ఆ తర్వాత వేరే పీసీ నుంచి పాస్‌వర్డ్ మార్చండి, లాగిన్ అయి ఉన్న సెషన్లన్నీ తీసేయమనండి, యాప్ పాస్‌వర్డ్‌లు ఉంటే అవి కూడా రద్దు చేయండి, ఎందుకంటే పాస్‌వర్డ్ మార్చినా కొన్నిచోట్ల పాత సెషన్ బతికే ఉంటుంది. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ఆ జిప్ తెరిచిన పీసీని పూర్తిగా స్కాన్ చేసేదాకా దాంట్లో బ్యాంకు పని చేయొద్దు.

మెయిల్‌బాక్స్‌లోకి ఏ ఐపీల నుంచి లాగిన్ అయ్యారో లాగ్ అడగండి. ఆ తేదీ నుంచి ఇప్పటిదాకా ఎవరెవరికి ఇన్‌వాయిస్ పంపారో లిస్టు తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి, మా బ్యాంకు అకౌంట్ మారింది అని మీ పేరుతో ఏమైనా మెయిల్ వచ్చిందా అని అడగండి. మెయిల్ చేయకండి, ఫోనే చేయండి, ఇవాళే.